మిలటరీ వచ్చిన ఏడు

శ్రోతలకు నమస్కారం. నల్లగొండ పల్లెల్లో తొంభై దాటిన అవ్వను "ఏ సంవత్సరం పుట్టావు?" అంటే జవాబు దొరకదు. "మిలటరీ వచ్చిన ఏడు బర్రెలు కాస్తున్నవా, పెండ్లయిందా?" అని అడగండి, వెంటనే చెబుతుంది. ఇంటి పెద్దల జీవితం రాయాలనుకునేవారు అక్కడ మొదలుపెట్టాలి.

భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది 1948 సెప్టెంబరు 13న. 17న నిజాం లొంగిపోయాడు. అప్పటికి వినాయక చవితి అయింది, బతుకమ్మ ఇంకా రాలేదు. కాబట్టి ఫలానాది బతుకమ్మకు ముందా, తర్వాతా అని అడిగితే నెలతో సహా తేలుతుంది. తర్వాతి గుర్తులు మొదటి ఓట్లు, 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్లు.

కాగితాలు చూసేటప్పుడు జాగ్రత్త. పాత పహాణీలో ఉండేది ఫసలీ, అంటే పంటల లెక్కన నడిచే రెవెన్యూ సంవత్సరం. నిజాం రాజ్యంలో అది అక్టోబరులో మొదలయ్యేది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే 590, జనవరి నుంచైతే 591 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది. అన్నిటికీ 590 కలిపేసి ఏడాది తప్పుతుంటారు. జాతకంలో సర్వధారి అని ఉంటే అది 1948 ఉగాది నుంచి 1949 ఉగాది వరకు. మాఘమాసంలో పుట్టినవాళ్లు 1949 వాళ్లే. బడి రిజిస్టరులో జులై 1 అని ఉంటే వెంటనే నమ్మకండి. బడిలో చేర్చుకునేందుకు పంతులుగారు వేసిన తేదీ కావచ్చు. అప్పుపత్రంలో రూపాయి హాలీదా (నిజాం నాణెం), కల్దారా (బ్రిటిష్ ఇండియా నాణెం) చూడండి; ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానం.

ఇంతకన్నా పెద్ద చిక్కు మరొకటుంది. "మీ ఊరికి రజాకార్లు వచ్చారా?" అని అడిగితే అవ్వ తన కథ చెప్పదు, ఊరంతా చెప్పుకునే కథ చెబుతుంది. చరిత్ర ఆమెకు తేదీ ఇవ్వాలి గానీ ఆమె నోటి మాట లాక్కోకూడదు. ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారు, పిల్లలకు ఏం పెట్టారు, గాదెలో జొన్నలు ఏం చేశారు, బర్రెల పలుపులు ఎవరు విప్పారు, ఇవి అడగండి. వీటికి అరువు జవాబులుండవు.

కాగితాన్ని నిలువునా రెండుగా మడవండి. ఎడమవైపు ఆమె మాట, ఆమె యాసలోనే. కుడివైపు మీరు తేల్చిన తేదీ, దేన్నిబట్టి తేల్చారో కూడా. వారం ఆగి మళ్లీ వెళ్లి, ఈసారి చిన్నబిడ్డ పెండ్లి నుంచి వెనక్కి అడుగుతూ రండి. రెండు లెక్కలు కలవకపోతే సర్దకండి, రెండూ రాయండి.