ల్యాబ్ ఉన్న రోజుని మాత్రం ఎవరికీ ఇవ్వకండి

అందరికీ నమస్కారం. వెనక బెంచీల్లో వాళ్లకి వినబడుతోందా? సరే. పేరెంట్స్ కూడా కొంతమంది వచ్చారు, మీకూ నమస్కారం అండీ, మీరు రావడం చాలా మంచిదైంది, నేను చెప్పేదాంట్లో కొంత మీరే వినాల్సింది ఉంది.

కొత్తగా చేరిన మీకోసం పెట్టే ఈ దీక్షారంభ్‌లో భాగంగా నాకు టైమ్ మేనేజ్‌మెంట్ అని టాపిక్ ఇచ్చారు. పొద్దున నాలుగింటికి లేవండి, ఫోన్ పక్కన పెట్టండి, ఇవన్నీ మీరు ఇంటర్‌లోనే వినీ వినీ ఉంటారు కాబట్టి నేను అటు పోను. కెమిస్ట్రీ చెప్తాను నేను, బీఎస్సీ పిల్లల వారం ఎట్లా గడుస్తుందో దగ్గర్నుంచి చూస్తూ ఉంటాను, అదే మాట్లాడతాను. పొద్దున కాలేజీ, సాయంత్రం ఏదో ఒక పని, మధ్యలో ఫ్రెండ్సు, ఊళ్లో ఇల్లు, పండగలు, ఫంక్షన్లు. వీటిల్లో ఏదీ వద్దు అని చెప్పడానికి నేను రాలేదు.

మన దగ్గర పని చేసుకుంటూ చదివేవాళ్లు చాలామందే ఉంటారు. ట్యూషన్లు చెప్తారు, మెడికల్ షాపులో కూర్చుంటారు, జిరాక్స్ షాపులో చేస్తారు, ర్యాపిడో నడుపుతారు, స్విగ్గీ జొమాటో చేస్తారు, సరుకులు డెలివరీ చేసే యాప్‌ల గోడౌన్లలో రాత్రిళ్లు ప్యాకింగ్ చేస్తారు, పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్‌కి పోతారు. ఒక్క మాట గట్టిగా చెప్తున్నా, ఇందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు. హాస్టల్ ఫీజు కట్టుకోడానికి, ఇంటికి రెండు వేలు పంపడానికి పని చేసే పిల్లలంటే నాకు చాలా గౌరవం. మీరు పని చేస్తున్నారని మాకు తెలియకపోవడమే ప్రాబ్లమ్, ఎందుకంటే తెలియకపోతే మేం ఏ సాయమూ చెయ్యలేం, మీరు క్లాసులో నిద్రపోతుంటే శ్రద్ధ లేదనుకుంటాం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. సైన్స్ డిగ్రీకి ఒక లక్షణం ఉంది, అది ఫస్ట్ ఇయర్‌లోనే పట్టుకోవాలి. థియరీ క్లాసు ఒకటి పోతే ఫ్రెండ్ నోట్స్ తీసుకుని, యూట్యూబ్‌లో చూసి, ఎట్లాగోలా నేర్చుకోవచ్చు. ల్యాబ్ అట్లా కాదు. బ్యూరెట్ నాబ్ తిప్పుతూ ఒక్కో చుక్క వదులుతూ రంగు మారిన ఆ చుక్క దగ్గర ఆపడం మీ చేతికి రావాలి, వరసగా రెండు రీడింగులు కలవాలి, దాన్ని ఎవరి నోట్స్‌లోనూ చదివి తెచ్చుకోలేం. మైక్రోబయాలజీ వాళ్లు ప్లేట్ మీద స్ట్రీక్ చేసి, అంటే బ్యాక్టీరియాని గీతలుగా పూసి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పెడితే ఒక రోజు ఆగాలి, తెల్లారి వచ్చి చూసుకోవాలి, మీ డ్యూటీ టైమ్‌ని బట్టి బ్యాక్టీరియా పెరగదు. ఫిజిక్స్‌లో టార్షనల్ పెండ్యులమ్ డోలనాలు లెక్కపెడుతున్నప్పుడు కళ్లు మూతలు పడితే ఒకటి తప్పుతుంది, అక్కడితో ఆ రీడింగ్ పోయినట్టే.

క్రెడిట్ల లెక్క కూడా ఇదే చెప్తుంది, చాలామంది గమనించరు. థియరీలో ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట క్లాసు, ప్రాక్టికల్‌లో ఒక క్రెడిట్ అంటే వారానికి రెండు గంటలు. అంటే మార్కుల మెమోలో చిన్నగా కనబడే ఆ ఒక్క క్రెడిట్ వెనక రెండింతల టైమ్ ఉంటుంది, దానికి తోడు అబ్జర్వేషన్ బుక్కు, రికార్డు, సంతకాలు, సెమిస్టర్ చివర వైవా. ఎంపీసీ వాళ్లయినా బీజడ్సీ వాళ్లయినా ప్రాక్టికల్ ఉన్న ప్రతి సబ్జెక్టుకీ ఒక ల్యాబ్, ఒక రికార్డు, ఇంగ్లీషు, సెకండ్ లాంగ్వేజ్ వేరే. మొత్తం కలిపితే కాలేజీలోనే వారానికి 30 గంటల దాకా పోతాయి.

మిగతాది మీ ముందే లెక్కేద్దాం. వారానికి 168 గంటలు. రోజుకి ఏడు గంటల నిద్ర అంటే 49. కాలేజీ 30. సిటీలో బస్సులు మారి వచ్చేవాళ్లకి ప్రయాణం ఒక 15. స్నానం, తిండి, బట్టలు ఉతుక్కోవడం, రూమ్‌లో వంట, రోజుకి రెండున్నర గంటలు వేసుకున్నా 17 దాటుతుంది. చదువు, రికార్డు కలిపి 15 పెట్టుకుందాం. ఇంకా సుమారు 40 మిగులుతాయి. అందులో పని, ఫ్రెండ్సు, ఇంట్లో వాళ్లు, ఊరికే పడుకోవడం, అన్నీ సర్దుకోవాలి. పని 20 తీసుకుంటే మిగతా 20 మీవి. పని 35కి పోయిందనుకోండి, ఫస్ట్ తగ్గేది నిద్ర, తర్వాత రికార్డు, తర్వాత స్నేహితులు, ఈ వరస నేను చాలామందిలో చూశాను.

20 అని నేను నోటికొచ్చిన నంబర్ చెప్పలేదు. మీ అన్నలో అక్కలో అమెరికాలో ఎమ్మెస్ చేస్తుంటే అడగండి, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకే పని చెయ్యాలి. కెనడా 2024 నవంబర్‌లో క్యాంపస్ బయట పనికి వారానికి 24 గంటలు చేసింది. ఆస్ట్రేలియాలో 2023 జులై నుంచి రెండు వారాలకి 48. ఆ రూల్స్ పెట్టడానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి గానీ, చదువుకోడానికి వచ్చినవాళ్లు పనిలో ఎంతవరకు ఉండొచ్చు అనే దగ్గర అందరూ తిరిగి తిరిగి దాదాపు ఒకే చోటికి వచ్చారు. ఇక్కడ మీకు ఆ గీత ఎవరూ గియ్యరు. ఓనర్ అయితే అస్సలు గియ్యడు, ఇంకో రెండు గంటలు ఉండు తమ్ముడూ అంటాడు. కాబట్టి మీరే గీసుకోవాలి, ఇరవై దాటను అని. ఇంట్లో పరిస్థితి బాగా ఇబ్బందిగా ఉండి ఇంకా ఎక్కువ చెయ్యక తప్పకపోతే అది వేరే విషయం, అప్పుడు మా దగ్గరికి రండి, స్కాలర్‌షిప్ దారులు ఏమున్నాయో కలిసి చూద్దాం.

ఎన్ని గంటలు అనేదానికంటే నా దృష్టిలో ఇంకా ముఖ్యం, ఏ గంటలు అనేది. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఇద్దరు పిల్లలకి ట్యూషన్ చెప్పడం, రాత్రి పన్నెండు దాకా పెళ్లిలో వడ్డించి గిన్నెలు సర్ది రెండింటికి రూమ్‌కి రావడం, రెండూ పనే. క్యాటరింగ్‌లో ఆరోజు డబ్బులు ఆరోజే చేతిలో పడతాయి, తిండి కూడా అక్కడే, పిల్లలు ఎందుకు పోతారో నాకు తెలుసు. కానీ ముహూర్తాలు మన సెమిస్టర్ చూసుకుని రావు. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో పెళ్లిళ్లు ఎక్కువ, ఈవెన్ సెమిస్టర్ ప్రాక్టికల్స్, పరీక్షలు కూడా సరిగ్గా ఆ ఎండల్లోనే పడుతుంటాయి. అందుకని పని ఒప్పుకునే ముందే టైమ్ టేబుల్ చూసుకోండి. ల్యాబ్ ముందు రోజు రాత్రి నైట్ డ్యూటీ వద్దు. ఇది మార్కుల గురించి కాదు, ఒంటి గురించి చెప్తున్నా. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌ని డైల్యూట్ చేసేటప్పుడు యాసిడ్‌ని కొంచెం కొంచెంగా నీళ్లలో పొయ్యాలి, నీళ్లని యాసిడ్‌లో పొయ్యకూడదు, పోస్తే ఆ వేడికి ఎగిరి మీద పడుతుంది, ఇది ఇంటర్ పిల్లలకి కూడా తెలుసు. రాత్రంతా మేలుకుని వచ్చిన మనిషికి తెలిసిన సంగతి కూడా ఆ నిమిషంలో గుర్తుకు రాదు. మా దగ్గర సాల్ట్ ఎనాలిసిస్‌లో నైట్రేట్ ఉందో లేదో చూసే బ్రౌన్ రింగ్ టెస్ట్ ఉంటుంది, టెస్ట్ ట్యూబ్ గోడ పక్కనుంచి అదే యాసిడ్‌ని మెల్లగా జారవిడవాలి, నిద్రమత్తులో ఉన్న చెయ్యి దానికి పనికిరాదు.

రికార్డు గురించి. ల్యాబ్ అయిన సాయంత్రమే రాసెయ్యండి, ఎక్కడో కాదు, ఇక్కడే లైబ్రరీలో కూర్చుని గంటలో అయిపోతుంది, ఎందుకంటే ఏ రంగు వచ్చింది, ఎక్కడ తప్పింది, మళ్లీ ఎందుకు చేశారు, అన్నీ అప్పుడు కళ్ల ముందే ఉంటాయి. వారం ఆగితే మూడు గంటలు పడుతుంది, నెల ఆగితే సీనియర్ రికార్డు చూసి దించడం తప్ప ఇంకో దారి ఉండదు, అట్లా దించిన రికార్డుతో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు నిలబడితే ఈ ఇండికేటర్ ఎందుకు వాడావమ్మా అని ఒక్క ప్రశ్నకే దొరికిపోతారు. పని చేసుకునే పిల్లలకి నేను ఒక్క సలహానే ఇవ్వాలంటే ఇదే ఇస్తా: ల్యాబ్ రోజు సాయంత్రం డ్యూటీ ఒక గంట లేటుగా పెట్టించుకోండి, ఆ గంట రికార్డుకి.

చదివే పద్ధతిలో కూడా టైమ్ చాలా మిగుల్చుకోవచ్చు. 2006లో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ స్టూడెంట్స్ మీద చేసిన ప్రయోగం ఒకటుంది. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ మళ్లీ చదివారు, కొందరు చదివిన తర్వాత చూడకుండా గుర్తున్నదంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత పెడితే చూడకుండా రాసినవాళ్లు ముందుకొచ్చారు. మీ పరీక్ష ఎప్పుడూ ఐదు నిమిషాల తర్వాత ఉండదు కదా. అందుకే రాత్రి పదింటికి అలిసిపోయి వచ్చి పుస్తకం ముందేసుకుని అవే నాలుగు పేజీలు మూడుసార్లు తిరగెయ్యడం కంటే, పొద్దున బస్సులో పుస్తకం మూసి నిన్నటి క్లాసులో రియాక్షన్ మెకానిజమ్ స్టెప్పులు మనసులో ఒకసారి చెప్పుకుంటే ఎక్కువ నిలుస్తుంది. దానికి సీటు కూడా అక్కర్లేదు, నిలబడి చెయ్యొచ్చు. మహాలక్ష్మి ఫ్రీ బస్సు పథకం వచ్చాక ఆడపిల్లలకి టికెట్ ఖర్చు పోయింది, బస్సుల్లో రష్ పెరిగింది, పుస్తకం తెరిచే జాగా లేదని నాకు చెప్తుంటారు, వాళ్లకోసం కూడా ఈ మాట.

ఇప్పుడు ఫ్రెండ్స్. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కొంచెం ఎక్కువ మాట్లాడతాను. చదువూ పనీ రెండూ పెట్టుకున్న పిల్లలు ఫస్ట్ కట్ చేసేది మనుషుల్నే. బర్త్‌డేకి రాను, బతుకమ్మకి ఊరికి పోను, సినిమాకి రాను, టైమ్ లేదు. మొదట్లో వాళ్లు పిలుస్తారు, తర్వాత పిలవడం మానేస్తారు, సెకండ్ ఇయర్‌కి వచ్చేసరికి ఆ పిల్లకి గానీ పిల్లాడికి గానీ జ్వరం వస్తే చెప్పుకోడానికి ఎవరూ ఉండరు. ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పట్లేదు, అట్లా జరిగిపోతుంది అంతే. దీనికి పెద్ద ప్లాన్ అవసరం లేదు, ముందే చెప్పడం ఒక్కటి చాలు. మంగళవారం గురువారం నాకు డ్యూటీ, ఆదివారం మధ్యాహ్నం ఫ్రీ, ఆరోజు కలిసి వండుకుందాం, ఇట్లా చెప్తే నిజమైన ఫ్రెండ్స్ ఆదివారానికి మారుస్తారు. సద్దుల బతుకమ్మ, దసరా ఎప్పుడో ముందే క్యాలెండర్‌లో ఉంటుంది కదా, పండక్కి సెలవు కావాలని షాపాయన్ని పదిహేను రోజుల ముందే అడగండి, ఆరోజు పొద్దున అడిగితే ఎవరూ ఇవ్వరు.

ఇంకోటి, సైన్స్ వాళ్లకి ల్యాబే పెద్ద స్నేహం. రెండు గంటలు పక్కపక్కన నిలబడి ఒకళ్లు రీడింగ్ చెప్తుంటే ఒకళ్లు రాసుకుంటూ ఉంటే మాటలు వాటంతట అవే వస్తాయి. మీ ల్యాబ్ పార్ట్‌నర్ ఎవరో ఫస్ట్ వారంలోనే పేరు, ఊరు, ఫోన్ నంబర్ తెలుసుకోండి. ఏదైనా రోజు తప్పనిసరై మీరు రాలేకపోతే ఏ ప్రయోగం చేశారో, దాన్ని మళ్లీ ఏ బ్యాచ్‌తో చెయ్యొచ్చో చెప్పేది వాళ్లే.

మన బయోకెమిస్ట్ యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి ఇలాంటి మీటింగుల్లో తప్పకుండా చెప్తారు, బోస్టన్ వెళ్లి, హార్వర్డ్‌లో చదువుకుంటూ హాస్పిటల్‌లో నైట్ పోర్టర్‌గా బెడ్‌పాన్లు కడిగారని. నిజమే. చెప్పేవాళ్లు సాధారణంగా అక్కడ ఆపి మీరూ అంత కష్టపడండి అంటారు. నాకు అది పూర్తి కథ అనిపించదు. ఆయన బయల్దేరడానికి మామగారు డబ్బు సర్దారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ఛారిటీస్ సాయం చేసింది. అక్కడ సైరస్ ఫిస్కే అనే ఆయనతో కలిసి ల్యాబ్‌లో పని చేసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి బయటికి తెచ్చారు, ఇప్పటికీ బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో ఫిస్కే-సుబ్బారావు మెథడ్ అనే అంటాం, ముందు ముందు మీలో కొందరు చేస్తారు కూడా. చుట్టూ మనుషుల సాయం ఉంది, పక్కన కలిసి పనిచేసే మనిషి ఉన్నారు. రాత్రి డ్యూటీ ఒక్కటే ఆయన్ని అంతవాణ్ణి చెయ్యలేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఇంటర్‌లో బోర్డు టాప్ ఒక శాతంలో ఉన్నవాళ్లు ఎవరైనా ఇక్కడుంటే, బేసిక్ సైన్స్ చదువుతున్నారు కాబట్టి ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్‌కి అప్లై చెయ్యండి, సంవత్సరానికి 80,000, అందులో 60,000 మీ ఖర్చులకి, 20,000 సమ్మర్ ప్రాజెక్టుకి. నెలకి 5,000 అంటే ఒక పార్ట్ టైమ్ పని మానెయ్యొచ్చు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నవాళ్లు అటెండెన్స్ 75 శాతం తగ్గకుండా చూసుకోండి, డ్యూటీ కోసం క్లాసులు మానేసి చివరికి ఆ స్కాలర్‌షిప్పే పోగొట్టుకుంటే సంపాదించింది దానికే సరిపోతుంది. ఎమ్మెస్సీ చెయ్యాలనుకునేవాళ్లు ఐదో సెమిస్టర్ నుంచి పని గంటలు తగ్గించుకునేలా ఇప్పటినుంచే కొంచెం కొంచెం వెనకేసుకోండి, ఎందుకంటే ఎమ్మెస్సీ ఎంట్రన్స్‌లు ఉంటాయి, ఐఐటీ జామ్ ఫిబ్రవరిలో వస్తుంది, దాని తర్వాత సీయూఈటీ పీజీ, మన సీపీగెట్, ఒకదాని వెనక ఒకటి.

పేరెంట్స్‌కి ఒక్క రిక్వెస్టు. మీ అబ్బాయి గానీ అమ్మాయి గానీ ఇంజనీరింగ్ చదివే చుట్టాలబ్బాయి ముందు తలొంచుకునేలా మాట్లాడకండి. బీఎస్సీలో ఖాళీగా ఉంటారనే మాట మా క్యాంపస్‌లో ఒక వారం వచ్చి చూస్తే మీరే అనరు. పొలం పనులకో ఫంక్షన్‌కో పిలిచేటప్పుడు ల్యాబ్ ఉందా నాన్నా అని ముందు అడగండి, అంతకంటే ఏం వద్దు.

సరే, ఇంక ముగిస్తా, తర్వాత ఫిజిక్స్ సార్ మాట్లాడాలి. ల్యాబ్ బ్యాచ్‌ల లిస్టు ఇంకా ఫైనల్ చెయ్యలేదు, నోటీస్ బోర్డులో గురువారం పెడతాం. మీలో ఎవరికైనా సాయంత్రం పని ఉంటే ఇప్పుడు మీటింగ్ అవ్వగానే నా దగ్గరికి వచ్చి పేరు, సబ్జెక్టు కాంబినేషన్, ఏ రోజు ఎన్నింటికి డ్యూటీయో రాసివ్వండి, కుదిరినంతవరకు మధ్యాహ్నం బ్యాచ్ కాకుండా పొద్దున బ్యాచ్‌లో వేస్తాను. నలుగురి ముందు చెప్పడం ఇష్టం లేకపోతే కెమిస్ట్రీ స్టాఫ్ రూమ్‌కి రండి, నాలుగు గంటల వరకు అక్కడే ఉంటాను.