అయిదు విద్యల విజేత అహ్మద్ ఎల్‌గెండీ

శ్రోతలకు నమస్కారం.

పారిస్ ఒలింపిక్స్ ప్రారంభ వేడుకలో ఈజిప్టు పతాకాన్ని చేపట్టిన ఇద్దరిలో అహ్మద్ ఎల్‌గెండీ ఒకరు. ఆ తర్వాత పదిహేను రోజులకే, 2024 ఆగస్టు 10న, వెర్సాయ్ రాజప్రాసాద ప్రాంగణంలో ఆయన ఆధునిక పెంటాథ్లాన్ స్వర్ణాన్ని గెలుచుకున్నారు. ఆ ఒలింపిక్స్‌లో ఈజిప్టుకు దక్కిన స్వర్ణం అదొక్కటే. ఫుట్‌బాల్ ముందు తక్కిన ఆటలన్నీ వెలవెలబోయే ఆ దేశంలో ఒక పెంటాథ్లాన్ క్రీడాకారుడికి అంతటి గౌరవం లభించిందంటే, టోక్యోలో ఆయన సాధించిన రజతమే అందుకు కారణమనుకోవచ్చు. ఈ క్రీడలో ఆఫ్రికా ఖండానికి అదే తొలి ఒలింపిక్ పతకం. అప్పటికి ఆయన వయసు 21 ఏళ్లు. అంతకు ముందే, 2018లో బ్యూనస్ ఎయిరెస్‌లో జరిగిన యువజన ఒలింపిక్స్‌లోనూ ఆయనే విజేత.

ఎపే కత్తితో ఒకే పోటుకు తేలిపోయే ద్వంద్వాలు, 200 మీటర్ల ఈత, గుర్రపు స్వారీ, లేజర్ పిస్టల్ షూటింగ్, పరుగు కలిస్తే పెంటాథ్లాన్. ఈతంటే మన గచ్చిబౌలిలోని 50 మీటర్ల కొలనులో నాలుగు ల్యాపులే కదా అనిపించవచ్చు. అసలు పరీక్ష చివరిలో ఉంది. అప్పటివరకు సంపాదించిన పాయింట్ల తేడాను సెకన్లుగా మార్చి, ముందున్నవారిని ముందుగా పరుగుకు వదులుతారు కాబట్టి, గీత దాటిన మొదటి వ్యక్తే విజేత. మొత్తం 3,000 మీటర్ల పరుగు మధ్యలో నాలుగు సార్లు ఆగి, ఒంటి చేత్తో పిస్టల్ ఎత్తి, 10 మీటర్ల దూరంలోని లక్ష్యాన్ని ఐదేసి సార్లు ఛేదించాలి. లేదా 50 సెకన్లు గడిచేదాకా అక్కడే నిలిచిపోవాలి. హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ పోటీపడే పిస్టల్ విభాగాల్లో ఊపిరిని కుదుటపరచుకొని గురిపెట్టే వీలుంటుంది. ఇక్కడ మాత్రం రొప్పుతూనే గురిపెట్టాలి. అలాంటి పోటీలో ఎల్‌గెండీ 1,555 పాయింట్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పి, రెండో స్థానంలో నిలిచిన జపాన్ క్రీడాకారుడు తైషు సాటోను 13 పాయింట్ల తేడాతో ఓడించారు.

నా దృష్టిలో ఈ విజయానికి మరో విశిష్టత ఉంది. చీటీలో వచ్చిన, అంతకు ముందు ఎన్నడూ ఎక్కని గుర్రాన్ని కేవలం 20 నిమిషాల్లో మచ్చిక చేసుకొని అడ్డంకులు దూకించే పద్ధతికి పురుషుల ఒలింపిక్ ఫైనల్స్‌లో అదే చివరి రోజు. టోక్యో మహిళల పోటీలో ఆధిక్యంలో ఉన్న జర్మనీ క్రీడాకారిణిని ఎక్కించుకున్న గుర్రం దూకడానికి మొరాయించడం, శిక్షకురాలు దాన్ని పిడికిలితో గుద్దడం పెద్ద దుమారం రేపాయి. దాని పర్యవసానంగా లాస్ ఏంజెలిస్ 2028 నుంచి స్వారీ స్థానంలో అవరోధాల పరుగు వస్తోంది. నిజానికి సామాన్య కుటుంబాల పిల్లలను ఈ క్రీడకు దూరం చేసింది గుర్రపు ఖర్చే. ఈతా పరుగూ వచ్చిన మన నగరపు పిల్లలు ఇకపై నేర్చుకోవలసింది కత్తిసాము, పిస్టల్ గురి, గోడలూ కడ్డీలూ దాటే నేర్పు.