ఋషికొండలో డైవింగ్ నేర్చుకుని మాల్దీవుల పడవ ఎక్కితే

అందరికీ నమస్కారం అండి. పోయిన వీడియోలో మాల్దీవుల లైవ్‌అబోర్డ్ ఫుటేజ్ పెట్టాను కదా, అంటే పడవ మీదే ఉండి, పడవ మీదే తిని, రోజంతా డైవ్‌లు చేసే ట్రిప్పు. అది చూసి చాలామంది అడిగారు: మన వైజాగ్‌లో ఇలాంటి పగడాలు ఎందుకు లేవు? ఇక్కడి మసక నీళ్లలో నేర్చుకున్నది అక్కడ పనికొస్తుందా?

పనికొస్తుంది. మామూలుగా కాదు, బాగా పనికొస్తుంది. ఎలాగో చెప్తాను, ముందు పగడాల సంగతి.

పగడం రాయి కాదు, మొక్కా కాదు. అది జీవి. దాని ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురం ఉంటుంది. ఎండతో తిండి తయారుచేసి దానికి పెట్టేది ఆ నాచే. కాబట్టి నీళ్లు తేటగా ఉండాలి, ఎండ లోపలికి దిగాలి. మన బంగాళాఖాతంలోకి గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ అన్నీ మట్టి మోసుకొస్తాయి, పైగా ఉప్పదనం తగ్గిస్తాయి. మాల్దీవుల్లో ఒక్క నదీ లేదు! మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు చూడాలంటే అండమాన్, లక్షద్వీప్, మన్నార్, కచ్ వైపు పోవాల్సిందే.

ఇక పడవ. క్రూయిజ్ అనుకుని ఎక్కితే రెండో రోజుకే నీరసం వస్తుంది. తెల్లారేసరికి తలుపు కొడతారు. బ్రీఫింగ్, డైవ్, టిఫిన్, మళ్లీ డైవ్, భోజనం, మళ్లీ డైవ్, కొన్ని రాత్రులు నైట్ డైవ్ కూడా. మధ్యలో దొరికిన కాస్త టైమ్‌లో అందరూ ఎక్కడివాళ్లక్కడ పడి నిద్రపోతారు. సిలిండర్లు, కంప్రెసర్ ఉండేది పెద్ద పడవలో కాదు, వెంట వచ్చే ధోనీ అనే చిన్న పడవలో. అదో పెద్ద సుఖం, ఆ కంప్రెసర్ మోత పక్కనుంటే ఎవరికి నిద్రపడుతుంది చెప్పండి.

అసలు మజా కందుల్లో ఉంటుంది. అటోల్ అంటే దీవుల వలయం, అందులో గండి పడినచోటుని కందు అంటారు. ఆటుపోట్లకి నీరు అందులోంచి ఉరుకుతూ ఉంటుంది, సొరలు అక్కడికే చేరతాయి. రీఫ్ హుక్‌ని, అంటే తాడుకి కట్టిన కొక్కేన్ని, ప్రాణం లేని బండకి తగిలించుకుని, గాలికి జెండాలా ఆ నీటి ఊపులో వేలాడుతూ చూడాలి. ఎదురుగా గ్రే రీఫ్ షార్క్‌లు తీరిగ్గా తిరుగుతుంటాయి. సొర అనగానే పుట్టు గుర్తొచ్చే ఊరు మనది, ఏం చేస్తాం! అక్కడ మాత్రం 2010లోనే సొరల వేట మొత్తం ఆపేశారు. వేల్ షార్క్ అనే భారీ సొర కావాలంటే దక్షిణ అరి అటోల్. 2021 డిసెంబర్‌లో మన తంతడి బీచ్‌కి కొట్టుకొచ్చిన సొరని జాలర్లు, అటవీశాఖ వాళ్లు కలిసి తిరిగి సముద్రంలోకి పంపారే, అది ఈ జాతిదే.

ఇప్పుడు మనవాళ్ల బలం ఏంటంటే, ఋషికొండలోనో, చింతపల్లి దగ్గర మునిగిన ఓడ చుట్టూనో కొన్ని రోజులు బడ్డీ (అంటే జతగా దిగే డైవర్) కాళ్లకున్న ఫిన్‌లు తప్ప ఏమీ కనబడవు. దాంతో సిలిండర్‌లో గాలి ఎంతుందో చెప్పే గేజ్ చూడటం, బడ్డీని వదలకపోవడం, అడుగుకి తగలకుండా తేలడం తప్పనిసరిగా అలవాటవుతాయి. తేట నీళ్లలోనే నేర్చుకున్నవాళ్లు చాలామంది లోతు చూపించే డైవ్ కంప్యూటర్ చూడరు. అన్నీ స్పష్టంగా కనబడుతుంటే ఎంత లోతుకి దిగామో తెలియదు మరి. మాల్దీవుల్లో చట్టప్రకారం 30 మీటర్లు దాటకూడదు. మొదటి కోర్సుకిచ్చే ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ 18 మీటర్లకే, కాబట్టి దాని తర్వాతి అడ్వాన్స్‌డ్ కోర్సు చేసి వెళ్లండి. నైట్రాక్స్, అంటే ఆక్సిజన్ ఎక్కువగా కలిపిన గాలి వాడే కోర్సు కూడా చేయండి. రోజుకి మూడు నాలుగు డైవ్‌లంటే ఒంట్లో నైట్రోజన్ పేరుకుంటుంది, 32 శాతం ఆక్సిజన్‌తో ఆ భారం తగ్గుతుంది.

పోస్టర్లలో రంగులు చూసి ఆశపడకండి. నీళ్లు వేడెక్కితే పగడం ఆ నాచుని బయటికి గెంటేసి తెల్లగా అయిపోతుంది. 1998లో, 2016లో మాల్దీవులు గట్టి దెబ్బ తిన్నాయి. 2024 ఏప్రిల్‌లో ప్రపంచమంతా నాలుగోసారి అదే జరుగుతోందని శాస్త్రవేత్తలు ప్రకటించారు. చాలాచోట్ల కింద గుల్లబారిన ముక్కలే కనబడతాయి, పైన మాత్రం చేపలు బోలెడు.

తిరుగు ప్రయాణం జాగ్రత్త. వరుసగా డైవ్‌లు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి. మాలే నుంచి బెంగళూరు, అక్కణ్ణుంచి వైజాగ్ అని టికెట్ కొట్టే ముందు, ఆఖరి డైవ్ ఏ రోజు, ఎన్నింటికి అని ఆపరేటర్‌ని అడిగి రాసుకోండి.