వారం రోజుల జపాన్: మూడు టైములు గుర్తుంటే చాలు

అందరికీ నమస్కారమండి. వెనక వాళ్ళకి వినిపిస్తోందా? సరే.

నేను గైడ్‌ని కాదు, ట్రావెల్స్ వాడినీ కాదు. ఆఫీసు పని మీద టోక్యోలో కొన్నేళ్ళున్నా, నిషి కసాయి అనే ఏరియాలో. అక్కడ మన ఇండియన్ సాఫ్ట్‌వేర్ జనం ఎంతమందంటే, కూరగాయల దగ్గర తెలుగులో గొణుక్కుంటే పక్కనోళ్ళు తిరిగి చూస్తారు. ఊర్నుంచి చుట్టాలొస్తే తిప్పే డ్యూటీ నాదే. అలా తిప్పగా తిప్పగా తెలిసిందేంటంటే, ఏం చూడాలో అందరూ రాసుకొనే వస్తారు, టైము దగ్గరే దెబ్బ తింటారు. అందుకని మూడు టైములు చెప్తా: సాయంత్రం 5, అర్ధరాత్రి 12, తెల్లవారుజాము 5.

ముందు సాయంత్రం 5. మన గుళ్ళు మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు కదా, అక్కడ చాలా గుళ్ళు 5 కల్లా మూసేస్తారు, మళ్ళీ తెరిచేది పొద్దున్నే. క్యోటోలో బంగారు గుడి కింకాకుజీ కూడా అంతే. మా బాబాయి వాళ్ళు హోటల్లో స్నానాలు, టిఫిన్లు, ఫోన్లు అన్నీ కానిచ్చి 11కి బయటపడ్డారు, రోజంతా కలిపి రెండు గుళ్ళు. మర్నాడు పిన్నిని తెల్లారుజామున 5కి లేపి ఫుషిమి ఇనారికి తీసుకెళ్ళా, కాసేపు తిట్టింది లెండి. ఆ గుడికి టికెట్ లేదు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది, 711లో మొదలైందని చెప్తారు. కొండ పైదాకా వేల ఎర్ర ద్వారాలు, ఒకదాన్ని ఆనుకుని ఒకటి, మధ్యలోంచి నడక. ఇనారి అంటే వరి పంట దేవత, నక్కలు ఆవిడ దూతలు. వరి దేవత అనగానే మా పిన్ని తిట్లు ఆపేసి దణ్ణం పెట్టుకుంది. 9 దాటాక వెళ్తే మాత్రం అది గుడి కాదు, సెల్ఫీ క్యూ.

టోక్యోలో అసాకుసా ఏరియాలో సెన్సోజీ గుడికైతే చీకటి పడ్డాక కూడా వెళ్ళండి, ప్రధాన మందిరం మూసేసినా ప్రాంగణంలో తిరగొచ్చు, లైట్లేసి ఉంటాయి, జనం తక్కువ.

రైళ్ళ సంగతి గబగబా చెప్పేస్తా. వారం రోజుల జేఆర్ పాస్, అంటే జపాన్ రైల్వే వాళ్ళ రైళ్ళు వారమంతా ఎక్కి తిరిగే పాస్, అక్టోబర్ 2023లో 29,650 యెన్ల నుంచి 50,000కి పెంచేశారు. టోక్యో నుంచి క్యోటో షింకాన్సెన్, అదే బుల్లెట్ రైల్లో ఒకవైపు 14,000 చిల్లర, రానుపోను 28,000 దాటి కొంచెం. అంటే టోక్యో, క్యోటో, ఒసాకా చూసేవాళ్ళకి పాస్ దండగ, విడిగా టికెట్ కొనండి, వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ, ఇంగ్లీషు E అక్షరం సీటు అడగండి, మబ్బు లేకపోతే 45 నిమిషాల్లో ఫూజీ పర్వతం కనిపిస్తుంది. మిగతా లోకల్ రైళ్ళకి సుయికా కార్డు చాలు, డబ్బులు వేసుకుని గేటు దగ్గర తాకించడమే. వారంలో ఈ మూడు ఊళ్ళే ఎక్కువ, హిరోషిమా కూడా కలిపేద్దాం అనేవాళ్ళు రైల్లో నిద్రపోవడానికే వెళ్తున్నట్టు.

తిండి. ఇక్కడ వెజిటేరియన్లు ఎంతమంది? అబ్బో. మీ శత్రువు పేరు దాషి. ఎండబెట్టిన బొనీటో చేప పొరల్ని నీళ్ళలో వేసి తీసిన రసం, మన చారుకి పప్పు కట్టు లాగా అన్నిటికీ అదే ఆధారం. సోబా అనే నూడుల్స్ గిన్నెలో ముక్క కనపడదు, కానీ పులుసు చేపది. గుడ్డు అట్టులో కూడా వేస్తారండీ! మాంసం వద్దు అంటే వాళ్ళు చేప గురించి అనుకోరు, అందుకని మాంసం, చేప, దాషి మూడూ తిననని జపనీస్‌లో ఫోన్లో టైప్ చేసి చూపించండి. బౌద్ధ సన్యాసుల శోజిన్ భోజనం క్యోటోలో దొరుకుతుంది, ఖరీదే, ఒక్కపూటైనా తినండి. మిగతా పూటలకి ఇండియన్ హోటళ్ళు, కన్వీనియన్స్ స్టోర్లు. అక్కడ ఉమెబోషి ఓనిగిరి అని అన్నం ముద్ద, లోపల ఉప్పులో ఊరేసిన పుల్లటి పండు, ఊరిన ఉసిరికాయ గుర్తొస్తుంది. మన పచ్చళ్ళు పట్టుకెళ్ళేవాళ్ళు చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి మాత్రం వద్దు, మాంసం ఏ రూపంలో ఉన్నా ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు.

ఇంక మీరంతా దేనికోసం ఆగారో అది. టోక్యోలో షింజుకు ఏరియాలో గోల్డెన్ గాయ్ అని సందులున్నాయి, సుమారు 200 బుల్లి బార్లు, ఒక్కోదాంట్లో ఆరేడుగురు కూర్చుంటే నిండిపోతుంది. చాలావాటిలో కూర్చున్నందుకే ఛార్జీ ఉంటుంది, తలుపు మీద రాసి ఉంటే చూసుకుని వెళ్ళండి. ఇజకాయాల్లో, అంటే తాగుతూ తినే హోటళ్ళలో, అడక్కుండానే చిన్న గిన్నె తెచ్చి పెడతారు, ఓతోషి అంటారు, మూడు నాలుగొందల యెన్లు బిల్లులో పడుతుంది, అది మోసం కాదు, పద్ధతి. మోసం కబుకిచో అనే షింజుకు బార్ల ఏరియాలో ఉంటుంది, రోడ్డు మీద నవ్వుతూ వచ్చి మంచి బార్ ఉంది రండి అనేవాడి వెంట వెళ్ళారంటే బిల్లు చూసి మత్తు దిగిపోతుంది. టిప్పు ఇవ్వొద్దు, ఇస్తే పాపం మర్చిపోయారనుకుని వెనకే పరిగెత్తుకొస్తారు.

ఇక్కడే రెండో టైము, 12. ఆ చుట్టుపక్కలే చివరి రైళ్ళు అయిపోతాయి, మళ్ళీ మొదటి రైలు తెల్లవారుజామున 5 ప్రాంతంలో, అదే మూడో టైము. టాక్సీకి రాత్రి 10 తర్వాత టోక్యోలో 20 శాతం ఎక్కువ. ఒకసారి నేనూ మా ఫ్రెండూ ఇంకో అయిదు నిమిషాలు అనుకుంటూ మిస్సయ్యాం, టాక్సీకి మనసొప్పలేదు, కరావోకే గదిలో తెల్లవార్లూ ఉండే ప్యాకేజీ తీసుకున్నాం. ఆ మెషీన్లో వెతికితే తెలుగు పాట ఒక్కటీ దొరకలేదు, ఫోన్లో పెట్టుకుని మూడింటిదాకా అరిచి, సోఫాల మీద పడుకున్నాం. 5కి బయటికొస్తే ప్లాట్‌ఫామ్ మీద టైలు వదులుగా లాక్కున్న ఆఫీసు జనం నిలబడే నిద్రపోతున్నారు, ఒక్కడు మాత్రం బెంచీ మీద కూర్చుని ఓనిగిరి తింటున్నాడు. మేమూ కొనుక్కుని పక్కనే కూర్చున్నాం.

సరే, ప్రశ్నలుంటే అడగండి. ఆ మూడో వరసలో అమ్మ చెయ్యెత్తారు, చెప్పండమ్మా.