ఆ పాతిక మందికి బస్సు ఛార్జీ

శ్రోతలకు నమస్కారం. నాకిచ్చిన టైము తక్కువ, నేరుగా ఒక ఊరి సంగతిలోకి వెళ్లిపోతాను.

ఫ్రాన్స్‌లో స్విట్జర్లాండ్ సరిహద్దుకి దగ్గరగా మోంబెలియార్ అని ఒక ఊరుంది. జర్మనీలో లుడ్విగ్స్‌బర్గ్ ఉంది, మన పిల్లలు కార్ల కంపెనీల్లో పనిచేస్తున్నారే, ఆ స్టుట్‌గార్ట్ పక్కనే. 1950లో ఈ రెండు ఊళ్లూ వియ్యమందుకున్నాయి, అంటే ఒకరి ఊరికి ఒకరు వెళ్లివచ్చే జంట ఊళ్లుగా స్నేహం కట్టాయి. యుద్ధం ముగిసి అప్పటికి ఐదేళ్లే. మోంబెలియార్ మేయర్ లూసియాన్ తరాదాన్ సామాన్యుడు కాదు, నాజీలకు ఎదురు తిరిగి పట్టుబడి, బుకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరానికి వెళ్లి ప్రాణాలతో తిరిగొచ్చిన మనిషి. జర్మనీ పేరెత్తితేనే మండిపడినా ఎవరూ తప్పు పట్టని రోజుల్లో, ఆయనే ముందుకొచ్చి జర్మన్ ఊరికి చెయ్యి చాచాడు. ఒక ఫ్రెంచి ఊరూ ఒక జర్మన్ ఊరూ అలా కలవడం అదే మొదలు. పన్నెండేళ్ల తర్వాత, 1962 సెప్టెంబరు 9న, ఫ్రాన్స్ అధ్యక్షుడు డిగోల్ ఆ లుడ్విగ్స్‌బర్గ్‌కే వచ్చి, కోట ఆవరణలో, జర్మన్ కుర్రాళ్లతో జర్మన్ భాషలోనే మాట్లాడాడు. కుర్రాళ్లతో, ఈ మాట గుర్తుంచుకోండి. మళ్లీ దానికే వస్తాను.

అప్పట్లో దీనికి బ్రస్సెల్స్ నుంచి, అంటే ఇప్పుడు యూరప్ దేశాల కూటమి యూరోపియన్ యూనియన్ ఆఫీసులున్న ఊరి నుంచి, పైసా లేదు, ఎందుకంటే ఇవ్వడానికి ఆ యూనియనే లేదు. ఇలాంటి ఊళ్ల స్నేహాలకి అక్కడి డబ్బు రావడం 1989లో మొదలైంది. 1993లో యూరప్ పౌరసత్వం వచ్చింది, జర్మన్ పాస్‌పోర్టు తీసుకున్న మనవాళ్లు యూనియన్‌లోని వేరే దేశంలో ఉంటున్నా, అక్కడే యూరప్ పార్లమెంటుకి ఓటు వేయగలిగేది దానివల్లే. ఇప్పుడు నడుస్తున్న పథకానికి, పౌరులు, సమానత్వం, హక్కులు, విలువలు అని బారెడు పేరు, 2021 నుంచి 2027 దాకా ఏడేళ్లకి సుమారు 155 కోట్ల యూరోలు.

అమ్మో అంత డబ్బా అనిపిస్తుంది. యూనియన్ జనాభా 45 కోట్లు కదా, పంచి చూడండి, మనిషికి ఏడాదికి అర యూరో. అందులోనే ఆడవాళ్ల మీద, పిల్లల మీద హింసని ఆపే పనులకీ వాటా ఉంది. జనం సొమ్ముతో మేయర్ల విహారయాత్రలు అని విసుక్కునేవాళ్లు అక్కడా ఉంటారు, కానీ అర యూరోకి ఎంత విహారం జరుగుతుంది చెప్పండి!

నాకు బాగా నచ్చింది ఆ డబ్బు లెక్కగట్టే పద్ధతి. 2014 నుంచి 2020 దాకా నడిచిన పాత పథకంలో ఊళ్ల కలయికకి గరిష్ఠంగా 25,000 యూరోలు. బయటి ఊళ్ల నుంచి కనీసం 25 మంది రావాల్సి ఉండేది, 21 రోజులు మించకూడదనేవారు. ఎంతమంది వచ్చారో దాన్ని బట్టి ఇంత అని గంపగుత్తగా ఇచ్చేవారు. బస్సు టికెట్లు, కాఫీ బిల్లులు అతికించి పంపే టెన్షన్ ఉండేది కాదు, వచ్చినవాళ్ల జాబితా, ఏం జరిగిందో ఒక నివేదిక పంపితే సరిపోయేది. గుమాస్తా కూడా సరిగా లేని చిన్న ఊరికి ఇది పెద్ద ఊరట. పెద్ద ఊళ్లు ఎలాగూ సొంత డబ్బుతో పిలుచుకుంటాయి, చిన్న ఊరికి కావలసింది ఆ బస్సు ఛార్జీయే.

కానీ తలలు లెక్కపెట్టే పద్ధతిలో చిక్కు కూడా తలల దగ్గరే ఉంది. ఎవరి తల అని అడగరు. పోయినేడు వచ్చిన పెద్దాయనే ఈ ఏడూ వస్తాడు, వచ్చే ఏడూ ఆయనే వస్తాడు, లెక్క మాత్రం సరిపోతుంది. రిటైరైనవాళ్లు రాకూడదని కాదు, రావాలి, వాళ్లకే కాస్త తీరిక ఉంటుంది. అయినా డిగోల్ వెళ్లి మాట్లాడింది ఎవరితో? కుర్రాళ్లతో. అందుకే నన్నడిగితే ఒక్క రూలు చాలు: ఆ 25 మందిలో సగం మంది ఇదివరకు ఎప్పుడూ ఆ ఊరు రానివాళ్లయి ఉండాలి, అందులో ఓ పది మందైనా పాతికేళ్ల లోపు పిల్లలు ఉండాలి, లేదంటే డబ్బులో కోత పెట్టాలి.