ఇంట్లో ఉండిపోయిన ఓటరు

సభకు నమస్కారం.

2024 ఆగస్టు నుంచి నవంబరు దాకా నేను పెన్సిల్వేనియాలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ముప్ఫై ఏళ్ల పాటు డిగ్రీ విద్యార్థులకు రాజనీతి శాస్త్రం బోధించినదాన్ని. అమెరికా అధ్యక్షుణ్ని ఎలా ఎన్నుకుంటారో నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీసి చెప్పానో లెక్కలేదు. ఆ ఎన్నికను ఒక ఓటరు ఇంట్లో ఉండి చూడడం మాత్రం అదే మొదటిసారి.

మా అల్లుడికి ఆ ఏడాదే పౌరసత్వం వచ్చింది. దానికోసం వంద ప్రశ్నలూ జవాబులూ కంఠతా పట్టాడు. అధ్యక్షుడికి ఏ నెలలో ఓటు వేస్తారు అన్నది అందులో ఒక ప్రశ్న. నేను వెళ్లిన రోజునే వంటగదిలో క్యాలెండర్ చూపించి, నవంబరు 5 చుట్టూ గీసిన ఎర్రటి వలయాన్ని చూసుకుని మురిసిపోయాడు. పదిహేనేళ్లు పన్నులు కట్టిన దేశంలో మొదటి ఓటు కదా!

తర్వాత ప్రకటనలు మొదలయ్యాయి. పెన్సిల్వేనియా అటో ఇటో తేలని రాష్ట్రం కాబట్టి రెండు పార్టీలూ అక్కడే డబ్బు కుమ్మరించాయి. టీవీ పెడితే అవే, ఫోను తెరిస్తే అవే. పోస్టు డబ్బాలో రోజూ నాలుగైదు నిగనిగలాడే కార్డులు. ప్రత్యర్థి ముఖం ఎంత వికారంగా పడితే ఆ ఫోటోనే ఎంచుకుని, చుట్టూ నలుపు పులిమి, పైన పెద్ద అక్షరాలతో ఒక నింద. తన అభ్యర్థి ఏం చేస్తారో చెప్పిన కార్డులు వెతికితే దొరికేవి, వెతకాలి అంతే. సెప్టెంబరులో అల్లుడు వాటిని చదివేవాడు. అక్టోబరులో చదవకుండా చెత్తబుట్టలో వేసేవాడు. ఎన్నికల రోజు సాయంత్రం ఏడు దాటింది. పోలింగ్ ఎనిమిదింటి వరకే. "ఏం బాబూ, ఇంకా వెళ్లలేదా?" అని అడిగాను. సోఫాలోంచి లేవకుండానే, "దొందూ దొందే అత్తయ్యా" అన్నాడు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. అది అతని సొంత అభిప్రాయమని నేను నమ్మను. అతనికి ఇష్టమైన అభ్యర్థి ఒకరు ఉండేవారు, ఎవరో నాకు తెలుసు. మూడు నెలల్లో ఆ ఇష్టాన్ని కొంచెం కొంచెంగా తోడేశారు.

ఎన్నికల లెక్క ఒకటి చెబుతాను. ఇద్దరే పోటీలో ఉన్నప్పుడు, ప్రత్యర్థికి పడాల్సిన ఓటును నా వైపు తిప్పుకుంటే నాకు రెండు ఓట్ల లాభం. వాళ్లకు ఒకటి తగ్గుతుంది, నాకు ఒకటి పెరుగుతుంది. ఆ ఓటరును ఇంట్లోనే కూర్చోబెడితే లాభం ఒక్క ఓటే. కానీ మనిషి మనసు మార్చడం మహా కష్టం, విసుగు పుట్టించడం చాలా తేలిక. ఓటు వేయకపోతే జరిమానా లేదు, పోలింగ్ మంగళవారం, చాలా రాష్ట్రాల్లో సెలవు కూడా ఉండదు. అలాంటి దేశంలో ఉత్సాహం కాస్త తగ్గితే చాలు, మనిషి గడప దాటడు. వ్యతిరేక ప్రచారం గురించి మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడూ "జనం ఆ నిందను నమ్మారా?" అని అడుగుతాం. నమ్మనవసరం లేదు. అలసిపోతే చాలు.

తిట్లు ఈ కాలంలోనే పుట్టాయని కాదు. 1828లో అధ్యక్ష పదవికి పోటీచేసిన ఆండ్రూ జాక్సన్ భార్య రేచల్‌ను, మొదటి భర్తతో విడాకులు పూర్తికాకముందే పెళ్లాడిందంటూ, ఊరూరా పత్రికల్లో కులటగా చిత్రించారు. భర్త గెలిచాడు కానీ ప్రమాణ స్వీకారం చూడకుండానే ఆమె ఆ డిసెంబరులో చనిపోయింది. ఆ నిందలే ఆమెను చంపాయని జాక్సన్ చివరిదాకా నమ్మాడు. అంత బురద పారిన ఆ ఏడాదే ఓటు వేసినవారి శాతం అంతకుముందు ఎన్నికకు రెట్టింపయింది. ఆస్తి ఉన్నవారికే ఓటు అన్న నిబంధనలు అప్పటికి చాలా రాష్ట్రాల్లో తొలగిపోవడం అందుకు ఒక కారణం. ఏమైనా, తిట్టు వినగానే ఓటరు పారిపోతాడన్నది అంత సులువైన సూత్రం కాదని అప్పుడే తేలింది.

1964 చూడండి. సెప్టెంబరు 7న ఒక్కసారే ప్రసారమైన లిండన్ జాన్సన్ ప్రకటన. చిన్న పాప పువ్వు రేకులు ఒక్కొక్కటే తుంచుతూ లెక్కపెడుతుంది. ఆ లెక్క కాస్తా వెనక్కి లెక్కించే మగ గొంతుగా మారి, పాప కంటిపాపలోంచి అణుబాంబు పేలుతుంది. ప్రత్యర్థి బ్యారీ గోల్డ్‌వాటర్ పేరు ఎక్కడా లేదు. భయపెట్టే ప్రకటనే, అన్యాయమైనదని ఆనాడే చాలామంది అన్నారు. కానీ దాని చివరి వాక్యం గమనించండి. పణంగా పెట్టింది చాలా పెద్దది, మీరు ఇంట్లో ఉండిపోవడానికి వీల్లేదు అంటుంది. అంటే ఆ ప్రకటన ఓటరును భయపెట్టి బయటికి రమ్మంది.

1988 వేరు. ఆ వేసవిలో డెమోక్రాట్ల అభ్యర్థి మైకేల్ డుకాకిస్ ఒక సర్వేలో రిపబ్లికన్ జార్జ్ బుష్ కంటే 17 పాయింట్లు ముందున్నారు. ఆయన గవర్నరుగా ఉన్న మసాచుసెట్స్‌లో ఖైదీలకు వారాంతపు సెలవు ఇచ్చే పద్ధతి ఉండేది. దాన్ని మొదలుపెట్టింది అంతకు ముందున్న రిపబ్లికన్ గవర్నరు. సెలవు మీద వెళ్లి తిరిగిరాని విలియం హార్టన్ అనే హంతకుడు మేరీల్యాండ్‌లో ఒక జంటపై ఘోరానికి పాల్పడ్డాడు. బుష్ మద్దతుదారుల బృందం ఒకటి ఆ నల్లజాతీయుడి ఫోటోతో ప్రకటన తీసింది. బుష్ ప్రచార దళం జైలు తలుపులోంచి ఖైదీలు తిరిగి బయటికి వస్తున్నట్టు చూపే మరో ప్రకటన వేసింది. డుకాకిస్ చాలాకాలం నోరు విప్పలేదు. బుష్ 40 రాష్ట్రాలు గెలిచారు. ఓటు వయసు వచ్చిన ప్రతి ఇద్దరిలో సుమారు ఒకరే ఆ రోజు ఓటు వేశారు. 1924 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎన్నడూ లేదు. బుష్ ప్రచారాన్ని నడిపిన లీ అట్వాటర్ మెదడులో కణితితో 1991లో నలభై ఏళ్లకే చనిపోయాడు. పోయే ముందు, తన క్రూరత్వానికి డుకాకిస్‌ను క్షమాపణ అడిగాడు.

ఆ తర్వాతే విశ్వవిద్యాలయాలు ఈ విషయాన్ని పట్టుకున్నాయి. అన్సొలబెహర్, అయ్యంగార్ అనే పరిశోధకులు తమ సహచరులతో ప్రయోగాలు చేసి, దాడి ప్రకటనలు చూసినవారిలో ఓటు వేస్తామనేవారు సుమారు అయిదు శాతం తగ్గుతున్నారని 1994లో చెప్పారు. అందరూ ఉలిక్కిపడ్డారు. కానీ 2007లో లావ్, సిగెల్‌మన్, రోవ్‌నర్ అప్పటిదాకా వచ్చిన 111 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూస్తే, మొత్తం మీద పోలింగ్ తగ్గుతుందనడానికి ఆధారం దొరకలేదు. తిట్టినవాడికి లాభం ఉందనడానికీ దొరకలేదు! ప్రభుత్వం మీద నమ్మకం, నా ఓటుకు విలువ ఉందన్న భావన మాత్రం కాస్త తగ్గుతున్నాయి.

మరి పోలింగ్ తగ్గదంటే నా అల్లుడి సంగతి ఏమిటి? సగటు లెక్కలో అతను కనిపించడు. ఒకే ప్రకటన ఒకణ్ని కోపంతో లేపుతుంది, ఇంకొకణ్ని నీరుగారుస్తుంది. కూడితే సున్నా. కాన్, కెన్నీ అనే పరిశోధకులు 1999లోనే ఒక తేడా చూపించారు. ప్రత్యర్థి పనితీరు మీద ఆధారంతో చేసే విమర్శ ఓటరుకు పనికివచ్చే సమాచారం, అది అతన్ని పోలింగ్ కేంద్రానికి తెస్తుంది. ఆధారం లేని బురద వెనక్కి నెడుతుంది. యానా క్రుప్నికోవ్ 2011లో సమయం సంగతి చెప్పారు. ఎవరికి వేయాలో తేల్చుకోకముందు విన్న విమర్శ వల్ల నష్టం లేదు. తేల్చుకున్న తర్వాత, తాను ఎంచుకున్న మనిషి మీదే బురద పడుతుంటే ఓటరు కాళ్లు ఆగిపోతాయి. ఇది చదివినప్పుడు నాకు ఆ అక్టోబరు నెల చెత్తబుట్ట గుర్తొచ్చింది.

విమర్శ వద్దని నేను అనడం లేదు. అధికారంలో ఉన్నవారి తప్పు ప్రత్యర్థి చెప్పకపోతే ఎవరు చెబుతారు? పొగడ్త ప్రకటనల కంటే దాడి ప్రకటనల్లోనే ఆధారాలు ఎక్కువగా చూపిస్తారని జాన్ గీర్ అనే ఆచార్యుడు వాదించాడు. అది నిజమేనని నాకూ అనిపిస్తుంది. నా కోపం విమర్శ మీద కాదు, ఓటు మానేయించడమే లక్ష్యంగా పెట్టుకున్న ప్రచారం మీద.

అలాంటిది ఉంటుందా అని అనుమానించేవారు 2016 చూడాలి. పోలింగ్‌కు పన్నెండు రోజుల ముందు, ట్రంప్ ప్రచారంలోని ఒక పెద్ద అధికారి, ఓటర్లను ఆపే మూడు పెద్ద కార్యక్రమాలు నడుస్తున్నాయని పత్రికా విలేఖరులకు స్వయంగా చెప్పాడు. ఆదర్శాలున్న తెల్లజాతి ఉదారవాదులు, యువతులు, నల్లజాతీయులు లక్ష్యం. హిల్లరీ క్లింటన్ 1996లో నేరస్థులైన యువకుల గురించి వాడిన ఒక కటువైన మాటను నల్లజాతి ఓటర్ల ఫోన్లకు చేరవేయడం అందులో భాగం. ట్రంప్‌కు వేయమని కాదు, ఆమెకు వేయవద్దని. రష్యా నుంచి నడిచిన దొంగ ఖాతాలు కూడా అందరికంటే ఎక్కువగా నల్లజాతీయులనే ఎంచుకున్నాయని సెనేట్ కమిటీ తర్వాత తేల్చింది. నల్లజాతీయుల పోలింగ్ 2012లో 66.6 శాతం, 2016లో 59.6 శాతం. ఒబామా పోటీలో లేకపోవడం కూడా కారణమే, అంతా ప్రకటనల మీద తోయను. కానీ మిషిగన్ రాష్ట్రంలో ట్రంప్‌కూ క్లింటన్‌కూ మధ్య తేడా 10,704 ఓట్లు. అంత సన్నని గీత మీద ఎంత చిన్న నిరుత్సాహమైనా బరువే.

పోటీలో ఇద్దరికంటే ఎక్కువమంది ఉంటే ఈ ఎత్తు పారదు. 2004 జనవరిలో డెమోక్రాట్ల అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం అయోవా రాష్ట్రంలో జరిగిన పోటీలో హోవర్డ్ డీన్, డిక్ గెఫార్ట్ ఒకరినొకరు చీల్చి చెండాడుకున్నారు. పిట్టపోరు పిల్లి తీర్చినట్టు, జాన్ కెర్రీ మొదటి స్థానంలో, జాన్ ఎడ్వర్డ్స్ రెండో స్థానంలో తేలారు.

చివరిగా ఒక మనిషి గురించి చెప్పాలి. 2000లో రిపబ్లికన్ అభ్యర్థిత్వం కోసం పోటీపడిన జాన్ మెకెయిన్ న్యూహాంప్‌షైర్‌లో గెలిచి సౌత్ కరోలైనాకు వచ్చారు. అక్కడ ఫోన్లలో, కరపత్రాల్లో ఒక గుసగుస పాకింది, ఆయనకు అక్రమంగా పుట్టిన నల్ల బిడ్డ ఉందని. ఉన్నది బంగ్లాదేశ్ అనాథ శరణాలయం నుంచి ఆయన దంపతులు తెచ్చి పెంచుకుంటున్న పాప. ఆయన అక్కడ ఓడిపోయారు.

ఎనిమిదేళ్ల తర్వాత అదే మెకెయిన్ ఒబామా మీద పోటీ చేశారు. ఆయన ప్రచారం కూడా మడి కట్టుకోలేదు. ఒబామాకు ఉగ్రవాదులతో స్నేహమని మెకెయిన్ ఉపాధ్యక్ష అభ్యర్థే సభల్లో అన్నారు. అక్టోబరు 10న మిన్నెసోటాలోని లేక్‌విల్‌లో, ఒబామా అధ్యక్షుడైతే భయపడనవసరం లేదని మెకెయిన్ అనగానే సొంత జనమే ఆయనను ఈసడించారు. ఒక పెద్దావిడ మైకు పుచ్చుకుని, "ఒబామాను నేను నమ్మలేను, ఆయన అరబ్బు" అంది. మెకెయిన్ తల అడ్డంగా ఊపుతూ మైకు తీసుకున్నారు. "కాదమ్మా. ఆయన మర్యాదస్థుడు, కుటుంబీకుడు, ఈ దేశ పౌరుడు. కొన్ని మౌలిక విషయాల్లో నాకూ ఆయనకూ పడదు, ఈ ప్రచారమంతా దాని గురించే" అన్నారు. అరబ్బయితే మర్యాదస్థుడు కాడా అని తర్వాత కొందరు అడిగారు, ఆ ప్రశ్న సబబే. అయినా, తన జనం ఉత్సాహం మీద తానే నీళ్లు చల్లిన అభ్యర్థిని నేను అంతకుముందు చూడలేదు.

తిరిగి వచ్చేముందు ఆ వీడియోను మా అల్లుడికి చూపించాను. రెండుసార్లు చూశాడు. "కానీ ఆయన ఓడిపోయాడు కదా అత్తయ్యా" అన్నాడు.

"ఓడిపోయారు" అన్నాను. "ఆ ఏడాది ఓటు వేసినవాళ్ల శాతం మాత్రం 1968 తర్వాత అప్పటిదాకా ఎప్పుడూ లేనంత. అది ఒబామా వల్లే అనుకో. నాకు తెలిసింది ఇంతే."

వంటగదిలో క్యాలెండర్ ఇంకా నవంబరు దగ్గరే ఉంది. అతను లేచి వెళ్లి డిసెంబరుకు తిప్పాడు.