తెగినా చావని నరం: ఆక్స్‌ఫర్డ్ ఎలుకల కథ

హోస్ట్: మేడమ్, ఈ ఎలుకల సంగతి ఎప్పుడొచ్చినా మీ గొంతులో ఉత్సాహం మారిపోతుంది. మన శ్రోతలకు మొదటి నుంచీ చెప్పండి. నరం తెగితే మామూలుగా ఏమవుతుంది?

గెస్ట్: నరంలో వేల సన్నని పోగులుంటాయండీ. ఒక్కో పోగూ ఒక నాడీకణం నుంచి బయల్దేరుతుంది, దాన్నే ఆక్సాన్ అంటాం. వెన్నులోంచి పాదం దాకా సుమారు మీటరు పొడవు సాగేవి కూడా ఉన్నాయి. మధ్యలో తెగితే కణం వైపు ముక్క సాధారణంగా బతుకుతుంది. అవతలి ముక్క మాత్రం తునాతునకలవుతుంది. 1850లో అగస్టస్ వాలర్ కప్పల నాలుక నరాలు కోసి చూసి దీన్ని వర్ణించాడు. వాలరియన్ క్షీణత అన్న పేరు అలా వచ్చింది.

హోస్ట్: కోసిన కొమ్మ వాడిపోయినట్టు.

గెస్ట్: 130 ఏళ్లకు పైగా అందరూ అలాగే అనుకున్నారు! కణం నుంచి పోషణ ఆగింది, చచ్చింది, అంతే అని. 1989లో ఆక్స్‌ఫర్డ్‌లో లన్, పెర్రీ, బ్రౌన్ తదితరులు తెగిన నరంలోకి మాక్రోఫేజ్‌లు, అంటే చెత్త ఎత్తే కణాలు, ఎలా వస్తాయో చూస్తున్నారు. ఒక జాతి ఎలుకల్లో అవి సరిగా రావట్లేదు. ఎందుకా అని చూస్తే, ఎత్తడానికి చెత్తే లేదు! మామూలు ఎలుకలో రెండు రోజుల్లోపే ముక్కలయ్యే ఆక్సాన్లు వీటిలో రెండు వారాలైనా చెక్కుచెదరలేదు. విద్యుత్ ప్రేరణ ఇస్తే సిగ్నల్ కూడా పోతోంది.

హోస్ట్: కణంతో సంబంధమే లేకుండానా!

గెస్ట్: అవును. లోపం మాక్రోఫేజ్‌లదేమో అన్న అనుమానం వచ్చింది. అవి పుట్టేది ఎముక మజ్జలో కాబట్టి, మామూలు ఎలుకల ఎముక మజ్జ ఎక్కించి చూశారు, తేడా రాలేదు. గుట్టు ఆక్సాన్‌లోనే ఉంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. ఆకలితో చనిపోవడమే అయితే ఇన్నాళ్లు బతికేది కాదు కదా? అంటే ఆక్సాన్ తనను తాను కూల్చుకునే ఏర్పాటు ఒకటి లోపల ముందే ఉందన్నమాట.

హోస్ట్: జన్యువు దొరికిందా?

గెస్ట్: దొరికింది. నాలుగో క్రోమోజోమ్‌లో 85 వేల డీఎన్‌ఏ అక్షరాల ముక్క మూడుసార్లు రావడంతో, రెండు జన్యువులు అతుక్కుని కొత్త ప్రొటీన్ పుట్టింది. అందులో ఎన్‌మ్నాట్1 అనే ఎంజైమ్ ఉంది. ఎన్‌ఏడీ అనే, శక్తికి కీలకమైన అణువును తయారుచేసేది. మామూలు ఆక్సాన్‌లో ఈ పని చేసేది ఎన్‌మ్నాట్2. అది కొద్ది గంటల్లోనే పాడైపోతుంది, కణం నుంచి ఎప్పటికప్పుడు కొత్తది రావాలి. నరం తెగితే సరఫరా ఆగిపోతుంది. అప్పుడు సార్మ్1 అనే ప్రొటీన్ మేల్కొని, మిగిలిన ఎన్‌ఏడీని నాశనం చేస్తుంది. ఈ ఎలుకల ప్రొటీన్ మన్నికైనది కాబట్టి సార్మ్1 చాలా రోజులు నిద్రలోనే ఉంటుంది. 2012లో ఈగల్లోనూ ఎలుకల్లోనూ సార్మ్1 తీసేసి చూస్తే తెగిన ఆక్సాన్లు వారాల తరబడి నిలిచాయి.

హోస్ట్: మరి అందరికీ సార్మ్1 ఆపేస్తే సరిపోతుందా?

గెస్ట్: తొందరపడకూడదు. కొత్త పోగు మొలవాలంటే పాత చెత్త తొలగాలి. ఈ ఎలుకల్లో ముఖ్యంగా స్పర్శ నరాలు తిరిగి పెరగడం ఆలస్యమైంది. పూర్తిగా తెగిన నరానికి ఇది వరమని నేననను. నా ఆశంతా తెగకుండానే మెల్లగా క్షీణించే నరాల మీద. విన్‌క్రిస్టీన్ అనే కేన్సర్ మందుతో కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కడం చాలామంది కుటుంబాల్లో చూసే ఉంటారు. సార్మ్1 లేని ఎలుకలకు ఆ మందిస్తే నరాలు చాలావరకు దెబ్బతినలేదు.

హోస్ట్: షుగర్ తిమ్మిర్ల కంటే ముందు కీమో రోగుల్లోనే ప్రయత్నించాలంటారా?

గెస్ట్: నా ఓటు దానికే. షుగర్‌లో నష్టం ఎప్పుడు మొదలైందో చెప్పలేం. ప్రమాదం ఎప్పుడు జరుగుతుందో తెలియదు. కీమో మొదటి డోసు ఏ రోజో మాత్రం ముందే తెలుసు, ఆలోపే నరానికి కాపలా పెట్టొచ్చు.